ఉప్పునీళ్ళు

ఎన్ని నీళ్ళు తాగినా వెంకటరత్నానికి ఒంటేలు రావట్లేదు. పక్క కుర్చీలో స్తెఫనుకీ అదే బాధ. నందిగామ ఈతకొలను వెనకాల బట్టలు మార్చుకునే గదిలో, తడి చెడ్డీల మీదే తువ్వాళ్ళు చుట్టుకుని, చెరొక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని కూర్చున్నారు ఇద్దరూ. ఎదురుగా బల్ల దగ్గర పరీక్షలకని వచ్చిన డాక్టరమ్మ రాజ్యశ్రీ.

యాభై దాటినవాళ్ళ రాష్ట్ర పోటీ అప్పుడే అయింది. స్తెఫను మొదట, బెత్తెడు వెనకగా వెంకటరత్నం. జాతీయ పోటీలకు వెళ్ళాల్సింది ఈ ఇద్దరే. అయితే ఈ పోటీల్లో మందులు వాడి ఈదుతున్నారని ఫిర్యాదు వచ్చిందట. డోపింగ్ పరీక్ష కాకుండా మెడల్స్ ఇవ్వరని, గెలిచిన ఇద్దరూ డబ్బాలు నింపి ఇవ్వాల్సిందేనని చెప్పింది డాక్టరమ్మ.

ఫిర్యాదు ఎవరిదో వెంకటరత్నానికి తెలుసు. తనదే. చెయ్యకేం చేస్తాడు మరి. పెనుగంచిప్రోలు మునేట్లో ఈత నేర్చినవాడు తను. ఏడాదికేడాది తన భుజాలు బరువెక్కుతుంటే, జగ్గయ్యపేట బళ్ళో డ్రిల్లు మాస్టారు స్తెఫను మాత్రం ఏటికేడు చేపపిల్లయిపోతున్నాడు. తనకి లేని సత్తువ వాడికెక్కడ్నుంచి వస్తోందో అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆఖరికి పోటీలు పెట్టేవాళ్ళకి ఫోన్ చేసి, తన పేరు చెప్పకుండా వాడి పేరు చెప్పి పెట్టేశాడు. పరీక్ష తనక్కూడా పెడతారనుకోలేదు. పెట్టుకోనీ, నాకేం భయం అనుకున్నాడు.

"ఏవయ్యా స్తెఫనూ, నీళ్ళల్లో అంత జోరు చూపించి ఇక్కడ చుక్క రాల్చవేంటి?"

"మన వయసులో అది రమ్మంటే రాదు, వద్దంటే ఆగదు రత్నంగారూ."

డాక్టరమ్మ నవ్వాపుకుని, ఈలోగా రాసుకోవాల్సినవి రాసుకుంటానంది. ఈ వారంలో ఏవైనా మాత్రలు గానీ సూదిమందులు గానీ వాడారా అని ముందు స్తెఫనుని అడిగింది. మా జయమణి కాచే ఉలవచారు తప్ప ఇంకేం లేదండి అన్నాడతను. ఆ ఉలవచారులో ఏం కలుపుతుందో అది కూడా రాసుకోమ్మా అని పుల్ల వేశాడు వెంకటరత్నం. స్తెఫను నవ్వలేదు.

తన వంతు రాగానే వెంకటరత్నం ఛాతీ విరుచుకున్నాడు.

"నేను మాత్ర కూడా మింగనమ్మా. ఈ ఎండలకి నిన్న కాస్త నీరసంగా ఉంటే, వత్సవాయిలో మా ఆర్ఎంపీ బసవయ్య దగ్గర ఒక సెలైన్ ఎక్కించుకున్నా. అంతే."

పెన్ను ఆగింది.

"సీసా మొత్తమా?"

"సగంలో ఎవరు తీయించుకుంటారమ్మా."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. ఆస్పత్రిలో చేరాల్సినంత జబ్బుంటే తప్ప, పోటీలకొచ్చేవాళ్ళు అలా సీసాలు ఎక్కించుకోకూడదట. ఒంట్లో మందు ఆనవాలు దొరక్కుండా పలచన చేసుకోడానికి, దొంగతనంగా మందులు వాడేవాళ్ళు చేసే పని అదేనట.

"మందు కాదమ్మా అది. ఉప్పునీళ్ళు." వెంకటరత్నం కుర్చీ అంచుకి జరిగాడు. మిరపకాయ కోతలకెళ్ళే ఆడవాళ్ళు ఎక్కించుకుంటారని, పెళ్ళిళ్ళల్లో తిరిగి అలిసిపోయినవాళ్ళు ఎక్కించుకుంటారని, సీసా తగిలించని డాక్టరు దగ్గరికి మా వైపు మనిషన్నవాడు పోడని చెప్పుకొచ్చాడు.

"తెలుసండి. మా అమ్మ కూడా ఎక్కించుకుంటుంది. కానీ ఆవిడ ఈత పోటీలకి రాదు కదా."

ఇది పైకి రాసి పంపాలంది. విచారణ తేలేదాకా మెడల్ ఇవ్వరు, జాతీయ పోటీలకు పేరు పోదు. బయట గట్టు మీద ఊళ్ళోంచి రెండు కార్లలో వచ్చిన జనం ఫొటోల కోసం కాచుకుని ఉన్నారు. రేపు సెంటర్లో వాళ్ళేమనుకుంటారో వెంకటరత్నం చెవులకి ఇప్పుడే వినపడుతోంది. నిన్నటిదాకా స్తెఫను గురించి తను అన్న మాటలే అవి.

స్తెఫను గబుక్కున లేచాడు. జారిపోతున్న తువ్వాలు ఒక చేత్తో పట్టుకున్నాడు.

"రాయకండి మేడమ్. ఈయన అలాంటి మనిషి కాదు. పాతికేళ్ళ నుంచి ఈయన పక్క లేన్లో ఈదుతున్నా, నాకు తెలుసు. కావాలంటే నా మెడల్ కూడా ఆపేయండి."

ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు, నేను రాయకపోతే నా తప్పవుతుంది అంది డాక్టరమ్మ. అయినా స్తెఫను వదల్లేదు. ఆమె కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి పెద్ద డాక్టరుతో ఒకసారి మాట్లాడొస్తానని ఆమె ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళింది.

వెంకటరత్నం తలెత్తలేకపోయాడు. ఎవణ్ణి ఈ కుర్చీలో దొంగలా కూర్చోబెట్టాలని చూశాడో, వాడే తన కోసం బతిమాలుతున్నాడు. ఒంటి మీద ఆ తువ్వాలు కూడా లేనట్టు సిగ్గేసింది. మింగుదామంటే ఆ మాట లోపలికి పోవట్లేదు.

"స్తెఫనూ, నీ మీద ఫోన్ చేసింది నేనేనయ్యా. నువ్వు మందు వాడుతున్నావని చెప్పా."

స్తెఫను మొహంలో కోపం కనపడలేదు. డబ్బా మూత తిప్పుతూ, మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు.

"తిట్టు. కొట్టినా పడతా. ఊరుకోకు అట్లా," అన్నాడు వెంకటరత్నం.

"ఏ మొహం పెట్టుకుని తిట్టమంటారండీ," అన్నాడు స్తెఫను నేల చూస్తూ. "మీ మీద ఫోన్ చేసింది నేను."