అర్ధగంటలో అంబులెన్స్

"నీళ్లు చూడుండ్రి, కొబ్బరి నీళ్ల లెక్క ఉన్నయ్!"

తెల్ల ఖద్దరు అంగీ తొడిగిన పగటి వేషగాడు చెంబును నోటి దాకా తీసుకుపోయాడు. లేని కెమెరాకు పళ్లికిలించాడు. తర్వాత ఆ నీళ్లు నేల మీద పారబోసి, చంకలోని మినరల్ వాటర్ సీసా తీసి గటగటా తాగాడు.

జనం ఘొల్లున నవ్వారు.

వారం నుంచి ఆ ఊళ్లో నవ్వు లేదు. ట్యాంకు నీళ్లు తాగినవాళ్లకల్లా వాంతులు, విరేచనాలు. ఇంటికొకరు మంచం పట్టారు. జడ్చర్ల రోడ్డుకు దగ్గరి ఊరే, కానీ అధికారులకు ఎందుకో దారి దొరకలేదు. మధ్యాహ్నం ఎమ్మెల్యే వస్తాడనగానే మాత్రం దారి పొడుగునా సున్నం చల్లారు. ట్యాంకు జోలికి ఎవరూ పోలేదు.

అండాలు ఒక్కతే నవ్వలేదు. ఆరేళ్ల రూప ఆమె ఒళ్లో తోటకూర కాడలా వాలిపోయి ఉంది. తాగించిన చుక్క కూడా కడుపులో నిలవడం లేదు. మొగుడు కూలికి పుణె పోయాడు. ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు.

వేషగాడు ఆమె ముందుకొచ్చాడు. ఊడిపోతున్న అతుకుల మీసాన్ని ఒక చేత్తో అదుముకుంటూ, రెండో చేత్తో పిల్ల తల నిమిరాడు.

"ఫికర్ చేయకమ్మా! అర్ధగంటల అంబులెన్స్ వస్తది. నేనున్న!"

మళ్లీ నవ్వులు.

ఆ సందట్లో అతను వంగి, గొంతు తగ్గించాడు.

"చెల్లె, ఇది ఆట కాదు. ఎవ్వలి కోసం చూడకు. ఇప్పుడే పాలమూరు దవాఖానకు తీస్కపో. అంబులెన్స్ రాదు."

అండాలుకు కోపం ముంచుకొచ్చింది. వేషంలో ఉన్నంతసేపు వేషగాడు సొంత మాట మాట్లాడడు. ఆ కట్టుబాటు ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఇదీ ఆటలో ముక్కే అనుకుంది.

"నా బిడ్డ పానం మీదికొస్తే నీకు పరాచికాలా? పో అవతలికి!"

అతను ఇంకేదో చెప్పబోయాడు. జీపు చప్పుడు వినబడేసరికి పక్క సందులోకి తప్పుకున్నాడు.

జీపులోంచి విజేందర్ దిగాడు. ఎమ్మెల్యే వెంట తిరిగే మనిషి. అతని వెనక నలుగురు.

"సారు వేషం కట్టినోడు యాడున్నడు?"

జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. విజేందర్ చూపు రూప మీద పడింది.

"అక్కా, నువ్వు చెప్పు. అంబులెన్సుల అందరికంటె మొదలు నీ బిడ్డనే ఎక్కిపిస్త."

అండాలు కూతురి మొహం చూసింది. సందు వైపు చేయి చూపించింది.

అతన్ని మెడ పట్టుకొని ఈడ్చుకొచ్చి జీపులో కుక్కారు. జీపు కదిలేటప్పుడు కూడా అతను ఆమెకే చెప్పాడు.

"జల్ది పో చెల్లె!"

కాసేపటికి ఎమ్మెల్యే వచ్చాడు. ట్యాంకు నీళ్ల చెంబును నోటి దాకా తీసుకుపోయాడు. ఫొటో అయ్యాక దాన్ని పక్కవాడికిచ్చి, కారులోంచి తెచ్చిన సీసా నీళ్లు తాగాడు. కెమెరా వైపు చూస్తూ రూప తల నిమిరాడు.

"ఫికర్ చేయకమ్మా! అర్ధగంటల అంబులెన్స్ వస్తది. నేనున్న!"

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

అండాలు పిల్లను భుజాన వేసుకొని రోడ్డుకు పరుగెత్తింది. ఎదురొచ్చిన పాల ఆటోకు అడ్డం పడింది.

"అన్నా, నీ కాల్మొక్త! పాలమూరు దవాఖానకు!"

దారంతా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది.

దవాఖానలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి రూప కళ్లు తెరిచి "అమ్మా" అంది. అండాలు భోరున ఏడ్చింది.

పక్క మంచం దగ్గరున్న పొరుగూరి ముసలామె బాలనర్సమ్మ ఆమె వీపు నిమిరింది.

"బిడ్డ బతికె గదా, ఇంకేం ఏడుపు?"

"బతికిచ్చినోణ్నే పట్టిచ్చిన అవ్వా. పగటి వేషగాడు. ఎంత కొడుతున్నరో ఏమో!"

"మీసం ఊడుతుంటే పట్టుకుంటుండెనా?"

"ఔ. ఆయన నీకెట్ల ఎరుక?"

ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా కురుమయ్య. మొన్నటిసంది గట్లనే ఊరూరు తిరుగుతాండు. పోయిన వారం సారు మా ఊరికొచ్చి అర్ధగంటల అంబులెన్స్ వస్తదని చెప్పిపోయిండు. వాడు వేషగాడు కాదు బిడ్డా, గా మాట నమ్మి, పిల్లను ఒళ్లె పండవెట్టుకొని, పానం పోయేదాంక అంబులెన్స్ కోసం రోడ్డు మీద చూసిన తండ్రి."