మేకైన పొట్టేలు

"అది పొట్టేలు గదే! మేక అని నొక్కుతావేంది?" కోడలి ఫోనులోకి తొంగిచూసి అరిచింది శ్రీశైలమ్మ.

ఫొటోలో ఏ జంతువుందో కంప్యూటరుకు నేర్పడం విజయ పని. ఒకే ఫొటో పదిమందికి పోతుంది. ఎక్కువమంది నొక్కిందే ఒప్పు.

"నాకు తెలీదా అత్తా? మన గొర్రెకు ఉన్ని లేదని మిగతావాళ్ళు మేక అంటారు. నేనొక్కదాన్నే గొర్రె అంటే తప్పు పడుతుంది. మూడు తప్పులైతే పనిలోంచి తీసేస్తారంట."

"ఎవరే ఆ మిగతావాళ్ళు? గొర్రె మొహం చూసినారా ఎప్పుడన్నా?"

"ఏమో, పైదేశమోళ్ళేమో!"

విజయ మేక అని నొక్కింది. అంతలో గోడవతల నుంచి, అదే పని చేసే భాగ్య కేకేసింది.

"అక్కా, పొట్టేలు ఫొటో వచ్చిందా? మేక అని నొక్కు. మన రాచర్ల ఊరోళ్ళం తొమ్మిదిమందిమీ అట్లనే నొక్కినాం!"

శ్రీశైలమ్మ గుంజకు కట్టిన పొట్టేలు మెడ నిమిరింది.

"పైదేశమోళ్ళు కాదు నాయనా, నిన్ను మేకను చేసింది మనోళ్ళే."