మౌలాలి సాక్ష్యం

భర్త మౌలాలి చనిపోయిన నెలకే ఖాసింబీ చేను పోయింది. పెళ్లికానుకగా, మెహర్ కింద, ఆయన ఆమెకు నోటిమాటతో ఇచ్చిన చేను అది. "మాయన్న నీకిచ్చినాడనేదానికి సాక్ష్యమేదీ?" అని మరుదులు పంచాయితీలో అడిగి చేను లాక్కున్నారు. ఎనభై మూడులో బొంబాయి మీదుగా అరబ్బు దేశంలోని కల్బాకు వచ్చి, ఒక ఇంట్లో వంటమనిషిగా చేరింది.

ఒక రాత్రి గిన్నెలు తోముతుంటే వానకు తడిసిన నల్లరేగడి వాసన వచ్చింది. కల్బాలో వాన పడి ఏడాది దాటింది. పెరటి తలుపు అవతల ఎవరో చెప్పులకంటిన బురదను గడపకేసి గీకుతున్నారు. చేని నుంచి వచ్చి మౌలాలి అట్లాగే గీకేవాడు.

"ఎవురది?"

"నేనే. ఆ చేను నీదని చెప్పేదానికి వచ్చినా."

ఖాసింబీకి దుఃఖం ముంచుకొచ్చింది. "ఈడ నాకు చెప్పి ఏం లాభమయ్యా? ఊరికి పోయి నీ తమ్ముళ్లకు చెప్పు."



"పోయినా. ఇంటింటికీ పోయి చెప్పినా. నా మాట ఎవురికీ ఇనపళ్యా."

ఆమె ఏడుస్తూ వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది.

"తీయగాకు ఖాసింబీ. ఇన్నాళ్లు మట్టిలో ఉండొచ్చినా. నన్ను చూసి తట్టుకోల్యావు."

ఆమె గడియ తీసింది.