నారుమడిలో బాట

“నా మీదుగా తోలుకోని పోండి, నేను లెయ్యను,” అంటూ మస్తానమ్మ టిప్పరు ముందు గట్టు మీద కూర్చుంది.

ఆమె వెనక పచ్చటి నారుమడి. ఎదురుగా వరసగా టిప్పర్లు, వాటి నిండా కొండరాళ్ళు. సూపర్‌వైజరు కిషోర్ బాబుకు ఏం చెయ్యాలో తోచలేదు.

ఊరికి ఎగువన, సిలికా ఇసుక తవ్వుకుని కంపెనీవాళ్ళు వదిలేసి పోయిన పెద్ద గుంట ఉంది. నిరుడు వానలకు దాని కట్ట తెగింది. నీళ్ళూ, తెల్ల ఇసుకా ఊరి పైరు మీద పడ్డాయి. ఈసారి గుంట నీళ్ళు వాగులోకి పోయేలా ప్రభుత్వంవాళ్ళు కాలవ తవ్వారు. అందులో రాళ్ళు పరిస్తే నిలుస్తుంది, లేదంటే మొదటి వానకే కోసుకుపోతుంది. సముద్రంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెబుతున్నారు. కాలవ దగ్గరికి పోయే పాత బాట నిరుడే కొట్టుకుపోయింది. సరుగుడు తోటలో దిగిన బండి ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయింది. నీళ్ళు తీసేస్తే అడుగున గట్టి నేల ఉన్నది ఈ నారుమడిలోనే.

“ఆఫీసులో చెప్పి నీకేదన్నా చేయిస్తానమ్మా,” అన్నాడు కిషోర్ బాబు.

“నాట్లనాడు నీ ఆఫీసు నారిస్తాదా?”

“బండి కదిలిస్తే ఆమే లేస్తుంది సార్,” అని గొణిగాడు డ్రైవరు టైటస్. కిషోర్ బాబు వద్దని తల ఊపాడు.

అప్పుడే ఊళ్ళోంచి ముసలి మాల్యాద్రి గట్టు వెంబడి నడిచి వచ్చాడు. తలగుడ్డ తీసి పరుచుకుని మస్తానమ్మ పక్కనే చతికిలబడ్డాడు.

“ఏందిమే, పొద్దున్నే మట్టిలో కూర్చోనుండావు?”

“తెలీనట్టు అడగతావేంది మామా. మళ్ళా ఇత్తనాలు పోసి, అయి మొలిచి, నేనెప్పటికి నాటేది?”

“పొయ్యాల్సిన పన్లేదు. నాట్లనాడు ఊళ్ళో తలా నాలుగు కట్టల నారు నీ చేలో ఏస్తారు. నేనడగతా.”

“వాళ్ళు ఇస్తార్లే. నువ్వు...” అని మస్తానమ్మ మాట ఆపేసింది.

“నారు పీకేదానికి, నాటేదానికి నా చేతులుండాయి గదమే.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది.

“ఇంకెవరడిగినా లేచేదాన్ని కాదు మామా,” అని, మడిలోని నీళ్ళు పోయేలా గట్టును తన పారతోనే తెంచింది.

నీళ్ళు పోయాక మడి మీద తాటిమట్టలు, వాటి మీద కంకర పరిచారు. టిప్పర్లు కదిలాయి. చక్రం ఒరిగినచోటల్లా మాల్యాద్రి ముందే మట్టలతో నిలబడి ఉండేవాడు.

“ముసలాయన చేను కాలవ పక్కనే ఉన్నట్టుంది సార్,” అన్నాడు టైటస్. “లేకపోతే ఊరికే ఎవరు పడతారు ఇన్ని తిప్పలు?”

మాల్యాద్రికి ఆ మాట వినపడింది. “నిదానంగా రానీ అబ్బయా, గట్టు జారతాది,” అని మాత్రం అన్నాడు.

ముందుకు పోయేకొద్దీ అడ్డాలే. ఒకరి గడ్డివామి, ఇంకొకరి కంచె. మాల్యాద్రి వెళ్ళి అడిగితే చాలు, వామి వాళ్ళే జరుపుకున్నారు, కంచె వాళ్ళే పీకేశారు. కిషోర్ బాబు ముక్కున వేలేసుకున్నాడు.

“ఒక్కరన్నా కాదనరేం పెద్దాయనా నిన్ను?”

“మంచోళ్ళులే సారూ.”

“నీ చేను ఉన్న వైపు నుంచే రాళ్ళు పరిపిస్తాను. నీ కష్టానికి ఆ మాత్రం చెయ్యాలి.”

“నాకొద్దు. మస్తానమ్మ వైపు నుంచి మొదులుబెట్టు. పాపం, నారు పోగొట్టుకోనుండాది.”

అలాగే చేశారు. ఆఖరి టిప్పరు రాళ్ళు పోసి వెనక్కి తిరిగేసరికి తూర్పున మబ్బు నల్లబడింది.

వాన ఆగకుండా కొట్టింది. తెరిపి ఇచ్చిన పూట ఊరు ఊరంతా గోనెపట్టాలు కప్పుకుని కట్ట మీదికి వచ్చింది. గుంట నిండి పొర్లుతోంది. నీళ్ళు రాళ్ళ మీద సుడి తిరుగుతూ, బుద్ధిగా కాలవ పట్టుకుని వాగులోకి పోతున్నాయి. ఒక్క మడిలో ఇసుక పడలేదు. మస్తానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మాల్యాద్రి చెయ్యి పట్టుకుంది.

కిషోర్ బాబు సంతోషం పట్టలేక ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“గెలిచావు పెద్దాయనా. ఇంతకీ నీ చేను ఏదో ఇప్పుడన్నా చూపించు.”

మాల్యాద్రి పచ్చటి నారుమళ్ళ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు.

“ఆ గుంటే సారూ, నా చేను.”