సంగటికి స్పూను

"ఛీ, ఇదేం తిండి, ఇదేం తినడం" అన్నాడు గిరిప్రసాద్.

తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఆయన. బి.బి.ఎం. అనే చదువు అప్పుడే కొత్తగా వచ్చింది. చిన్న వ్యాపారాలు ఎలా నడుస్తాయో, వాటి యజమానులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో కళ్లారా చూపిస్తానని పిల్లల్ని పుత్తూరు బస్సెక్కించాడు.

ఎముకలు విరిగినవాళ్లు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఊరు అది. కట్లు కట్టే వీధి చివర ఇమ్మానుయేల్ మెస్సు. కౌంటర్లో టోకెన్ కొనుక్కుని కూర్చుంటే రాగి సంగటి, నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి తెచ్చి పెడతారు. ఇమ్మానుయేల్ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ మెస్సు.

లోపల కట్లకు పూసిన ఆకుపసరు వాసన, కోడిగుడ్డు నీచు. వెదురుబద్దల కట్లతో జనం వరసగా కూర్చున్నారు.

వాసనను గిరిప్రసాద్ ఎలాగో ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంకొకటి కనిపించింది.

ఒక ముసలామె సంగటి ముద్ద తుంచి, ఊరుబిండిలో అద్ది, కుడిచేతికి కట్టున్న లారీ డ్రైవరు నోట్లో పెడుతోంది. అతను తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని పక్కాయన దగ్గరికి జరిగింది.

"నోరు తెరు నాయనా. కారమేం లేదులే."

గిరిప్రసాద్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరి చెయ్యో, ఎవరి నోరో" అన్నాడు.

ఆ మాటలో ఉన్నది శుభ్రం గురించిన బెంగ ఒక్కటే కాదని ఆయనకూ తెలుసు. పైకి అనలేదంతే.

పిల్లల వైపు తిరిగాడు.

"చూశారా? ఒక గిరాకీ తినడానికి ఒక పనిమనిషి. బయట జనం నిలబడి ఉన్నారు. చిన్న వ్యాపారం ఎప్పటికీ చిన్నగానే ఎందుకు ఉండిపోతుందో అర్థమైందా?"

పిల్లలు తలలూపారు. ఆ విద్య వాళ్లకు బాగా వచ్చు.

ధరణి అనే అమ్మాయి మాత్రం, "ఆయమ్మను ఒకసారి అడుగుదామా సార్, ఎందుకట్ల తినిపిస్తా ఉండాదో?" అంది.

"ఆమెను అడిగేదేముంది? నిర్ణయం తీసుకోవలసింది యజమాని."

ఇమ్మానుయేల్‌ను పిలిచాడు.

"ఏమప్పా, నీ దగ్గర స్పూన్లు లేవా?"

"ఉండాయి సార్. సంగటికి స్పూనంటే..."

"ఎడమచేత్తో స్పూను పట్టుకుని వాళ్లే తింటారు. ముందు ఆమెను మాన్పించు. ఈ అసహ్యం చూస్తే మర్యాదస్థులు ఎవరైనా లోపలికి వస్తారా?"

"అది కాదు సార్, ఆయమ్మ దినామూ..."

"నాకు తెలుసులేప్పా. ఎవరైనా హెల్త్ ఆఫీసుకు రాసి పెడితే నీ మెస్సు మూయిస్తారు."

ఇమ్మానుయేల్ మొహం పాలిపోయింది. చదువుకున్నాయన, అంతమంది పిల్లల ముందర చెబుతున్నాడు. ముసలామె దగ్గరికి పోయి తల దించుకుని నిలబడ్డాడు.

"అలివేలమ్మా, ఇంగ ఎవురికీ తినిపించొద్దుమా. సార్ వాళ్లు అసయ్యమంటా ఉండారు."

"అట్నే లేప్పా."

చేతిలో ఉన్న ముద్ద పక్కాయన నోట్లో పెట్టింది. చెయ్యి కడుక్కుంది. పోతూ పోతూ కొంగుముడి విప్పి కౌంటర్ మీద ఏదో పెట్టింది. గిరిప్రసాద్ అప్పటికే పిల్లలకు తర్వాతి పాఠం మొదలుపెట్టాడు.

కాలేజీలో ఈ సంగతి ఆయన గొప్పగా చెప్పుకున్నాడు. బోర్డు మీద 'వృథా ఖర్చు' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

ఆ ఏడు వానల్లో స్కూటర్ జారి ఆయన కుడిచెయ్యి విరిగింది. తిరుపతిలో అన్ని ఆస్పత్రులు పెట్టుకుని ఆయన కూడా పుత్తూరికే వచ్చాడు. మొదటి కట్టుకు భార్య తోడొచ్చింది. రెండో కట్టుకు ఒక్కడే బస్సెక్కాడు.

కట్టు పూర్తయ్యేసరికి ఆకలి దంచేస్తోంది. ఆకుపసరు, కోడిగుడ్డు వాసన ఇప్పుడు తన ఒంటి నుంచే వస్తోంది. టోకెన్ కొనుక్కుని మెస్సులో కూర్చున్నాడు.

సగం బల్లలు గోడకు చేర్చి ఉన్నాయి. మిగిలినవాటి దగ్గర కూడా మనుషులు లేరు. ఇమ్మానుయేల్ ఆయన్ను గుర్తుపట్టి, సంగటితో పాటు స్పూను తెచ్చి పెట్టాడు.

స్పూను సంగటిలో దిగబడి వంగిపోయింది. ప్లేటు జారింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఎడమచేత్తో తుంచి నోట్లో పెట్టుకున్నాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చేత్తో అన్నం ముట్టి ఎరగడు. తన మీద తనకే రోత పుట్టింది.

"ఆ ముసలామె ఏదప్పా? ఒకసారి పిలువు" అన్నాడు.

"యాడని పిలిసేది సార్. మీరు వచ్చిన దినమే కడ. కట్లోళ్లు కూడా ఒకరి ఎనకాల ఒకరు రాకుండా నిలిసిపొయినారు. స్పూనుతో అగసాట్లు పడేదానికి ఎవురొస్తారు? వచ్చే నెల నేనూ మూసేస్తా ఉండా."

గిరిప్రసాద్ ప్లేటు పక్కకు నెట్టాడు.

"ఆమె జీతం నేనిస్తాను. మళ్లీ పనిలో పెట్టుకో."

ఇమ్మానుయేల్ ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"జీతమా? ఆ పొద్దు చెప్పబోతే మీరు చెప్పనీలేదు. ఆయమ్మ దినామూ మీ మాదిరే టోకెన్ కొనుక్కోని తినేదానికి వచ్చే మనిషప్పా. అందురికీ తినిపించినాకే తాను తినేది, ఆ పొద్దు మాత్రం టోకెన్ ఈడ పెట్టేసి తినకుండానే పొయింది."