తెలియదన్న డాక్టరు

"ఆయనకియ్యకు సఫియా!" అంటూ కరీం భార్య చేతిలోని డబ్బు సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

ఎదురుగా కుర్చీలో ఉన్న యువ డాక్టర్ నిరంజన్ తల దించుకున్నాడు. వాళ్ల కొడుకు ఉవైస్ జ్వరమొచ్చి, గుండె వాచి, హైదరాబాద్ దవాఖానలో ఆయన చేతుల్లోనే పోయాడు. ఆ జబ్బు మీద పరిశోధన చేస్తానని సాయం అడిగితే, ఇంకా కొత్త డాక్టరువేనంటూ ఏ సంస్థా డబ్బివ్వలేదు. ఇక మానుకుంటున్నానని చెప్పడానికే ఆయన వనపర్తిలోని వాళ్లింటికి వచ్చాడు.

"పిల్లగానికి దుకాణం పెట్టిద్దామని దాచిన పైసలు. వాణ్ని బతికియ్యలేనోనికి ఇస్తవా?" అన్నాడు కరీం.

"జర ఆగుండ్రి," అంది సఫియా. "ఒక డాక్టరు గ్యాస్ అన్నడు. ఇంకొకాయన నీరసం అన్నడు. అందరూ తెలిసినట్టే చెప్పిండ్రు. ఈయనొక్కడే నా ముందల నిలబడి, ఎందుకిట్లయిందో నాకు తెల్వదమ్మా అని ఏడ్చిండు. తెల్వదన్నోడే గద ఎతికేది?"

కరీం డాక్టరు వైపు తిరిగాడు. "ఇప్పుడన్న తెలిసిందా సారూ?"

"లేదు చాచా. అందరికొచ్చే జ్వరమే కొందరు పిల్లల గుండెకెందుకు పోతదో నాకింకా తెల్వదు."

కరీం పట్టు సడలింది. సంచి తానే తీసుకుని నిరంజన్ ఒడిలో పెట్టాడు. చాలాసేపు దాని మీంచి చేయి తీయలేకపోయాడు.

"తెలిసిననాడు మా ఇంటికి రా బిడ్డా," అన్నాడు. "మా పిల్లగానికి ఏమైందో మాకు గూడ చెప్పు."