అరగంట కాపురం

వ్యాను ఆగింది. ముందు సీట్లోంచి భార్య నవ్వుతూ దిగడం ఇంటి కిటికీలోంచి బైండర్ కంటపడింది.

డ్రైవరూ నవ్వుతున్నాడు.

ఆమెకు మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు. తెల్లవార్లూ మాత్రల అట్టలు డబ్బాల్లో సర్దుతుంది. అతను పగలంతా అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తాడు. అతను లేచిన పక్కలో ఆమె పడుకుంటుంది. ఆ ఇంట్లో మంచానికి సెలవు లేదు, మొగుడూ పెళ్ళాలకు ముచ్చటా లేదు. ఆమెకు వారానికో సెలవున్నా అది నిద్రకే చాలదు.

ఉన్నదల్లా ఉదయం ఓ అరగంట. ఆమె వ్యాను దిగినప్పటినుంచి అతను బస్సెక్కేదాకా.

ఆ కాస్తలోనే ఆమె కాళ్ళకు వేడినీళ్ళు పెట్టేవాడు. రాత్రంతా టోపీ కింద నలిగిన జుట్టు చిక్కు తీసేవాడు. ఒక గ్లాసు టీ ఇద్దరూ తాగేవారు. కొన్ని రోజులు ఆ టీ అలాగే చల్లారిపోయేది. ఎందుకో పెళ్ళైనవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అంతకు మించి వాళ్ళకు కాపురం లేదు. అదైనా ఉన్నందుకు ఇద్దరూ మురిసిపోయేవారు.

ఆ రోజు మాత్రం అతను దువ్వెన ముట్టుకోలేదు. ముందు సీట్లో ఎందుకు కూర్చున్నావని అడిగాడు.

ముందు దిగేవాళ్ళు ముందు కూర్చోవడం ఆ వ్యాన్లో అలవాటని ఆమె చెప్పింది. వెనక నిద్రపోయేవాళ్ళ కాళ్ళు తొక్కకుండా దిగొచ్చంది.

"మరి ఆ నవ్వు?"

"మీ గురించే. మీరు కిటికీలోంచి చూస్తున్నారు కదా. దిగమ్మా, ఆలస్యమైతే మీ ఆయన మెడ ఇంకో మూర సాగేట్టుంది, అన్నాడు మా డ్రైవర్ మీసాలన్న."

చెబుతూ మళ్ళీ నవ్వింది. అతను నవ్వలేదు.

పరాయి మగవాడు తన మీద హాస్యమాడటం, దానికి తన పెళ్ళాం పడీపడీ నవ్వడం. అతను ఓర్చుకోలేకపోయాడు. అన్నా అని పిలిచినంత మాత్రాన అన్న అయిపోతాడా అనుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ పూట నుంచి అరగంటలో సగం ఆరాలకే పోయేది. ఏం మాట్లాడావు, ఏమన్నాడు, నువ్వేమన్నావు. ఆమె మొదట ఓపిగ్గా చెప్పింది. తర్వాత మూతి ముడుచుకుంది.

వారం తిరక్కుండా అతను కంపెనీ రవాణా గదికి వెళ్ళాడు. డ్రైవర్ ఆడవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని వెకిలి వేషాలు వేస్తున్నాడని అక్కడి గుమాస్తాకు చెప్పాడు. గోరంతను కొండంత చేసి చెప్పాడు. తన సంగతి బయటికి పొక్కకూడదని కూడా చెప్పి వచ్చాడు.

మీసాలన్న ఉద్యోగం ఊడింది.

ఆ మాట ఆమె ఫోన్లో చెబుతూ ఏడ్చింది.

"ఎవరో లేనిపోనివి కల్పించి చెప్పారట. అదెవరో తెలిస్తే జన్మలో వాళ్ళ మొహం చూడను."

అతను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. అయ్యో పాపం అన్నాడు.

మర్నాటినుంచి కొత్త డ్రైవర్ వచ్చాడు. మర్నాటినుంచే ఆమె రావడం ఆలస్యమైంది. అతను తాళం వేసి వెళ్ళిపోయాక ఎప్పటికో వస్తోంది వ్యాను. మొదట్లో బస్సు వదులుకుని ఎదురుచూశాడు. రోజూ ఇదే తంతైతే ఇంట్లోనే కూర్చోమని అచ్చాఫీసు యజమాని కసిరాడు.

ఇక ఫోన్లోనే కాపురం. గ్యాస్ అయిపోయిందని ఆమె, కుళాయి కారుతోందని అతను. కొన్నాళ్ళకు ఆ మాటలూ తగ్గాయి. ఫ్లాస్కులో ఆమె కోసం పోసి ఉంచిన టీ సాయంత్రం అతను వచ్చేసరికి మూత కూడా తీయకుండా ఉండేది.

ఒక సెలవు రోజు ఆమె నిద్రపోతుంటే జుట్టు మీద చెయ్యి వేశాడు. ఆమె ఉలిక్కిపడి గోడవైపు జరిగింది.

"ఎవరూ?" అంది.

నేనే అన్నాడు. ఆమె ఊఁ అని మళ్ళీ కళ్ళు మూసుకుంది, కానీ దగ్గరికి జరగలేదు. అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడే మళ్ళీ రవాణా గదికి వెళ్ళాడు. ఈసారి కొత్త డ్రైవర్ మీద ఫిర్యాదు.

గుమాస్తా అంతా విన్నాడు. కొత్తవాడి తప్పేమీ లేదన్నాడు. రూటు ప్రకారం బైండర్ ఇల్లే అన్నిటికన్నా దూరం, అన్నిటికన్నా చివర.

"మరి ఇదివరకు అందరికన్నా ముందు దించేవాడు కదండీ?"

"అందుకే కదా ఆయన్ని తీసేసింది. వెకిలి వేషాలేవీ లేవని తేలింది. కానీ రూటు తిరగేసి ముందు మీ ఇంటికే వస్తున్నట్టు తనంతట తనే ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళందరినీ బతిమాలి ఒప్పించాడట."

ఎందుకో గుమాస్తాయే చెప్పాడు. మీసాలాయనవి రాత్రులు, ఆయన భార్యవి పగళ్ళు. తగువైనా లేకుండానే ఒకరికొకరు కాకుండా పోయి విడిపోయారట. ఈ అమ్మాయి కోసం కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడుతున్నాడు, అతను పనికి పోయేలోగా దించాలి కదా అన్నాడట.

ఆయన ఇప్పుడెక్కడున్నాడని బైండర్ అడిగాడు. గుమాస్తాకు తెలియదు. మాట పడ్డవాడికి బండి ఎవరిస్తారు, ఊరొదిలి పోయాడని విన్నానన్నాడు.

బైండర్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. సిగ్గు విడిచి అడిగాడు.

"నేను చెప్పినట్టు మా ఆవిడకైతే ఎవరూ చెప్పలేదు కదా?"

గుమాస్తా అతని మొహం వంక చూడలేదు.

"విచారణప్పుడు ఆయనకు మీ సంగతి చెప్పక తప్పలేదు. ఫిర్యాదు చేసింది వాళ్ళాయనేనని ఆ అమ్మాయికి మాత్రం తెలియనివ్వకండి, తెలిస్తే ఆ కాపురం నిలవదని నా చేతులు పట్టుకుని మరీ వెళ్ళాడు."